పంట కావలికి తేలికయు, తరలింపదగినదియు నగు మంచెను ఎన్నుకొను విధము

(పట్టాదారులకును, కాస్తుకారులకును చేయబడిన ఉపన్యాసము యొక్క పాఠము)



జొన్న పాలు పోసుకొను దినములలోను, మక్కజొన్న కంకి గింజ పట్టు దినములలోను, వేరుసెనగ ఊడలు దిగి కాయ కట్టు దినములలోను రైతునకు పగలు చిలుకలతోను, రాత్రి అడవిపందులతోను పోరు తప్పదు. అడవి యంచున నున్న గ్రామములకు చుక్కల జింకలును, మనుబోతులును వచ్చును. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరపు నల్లరేగడి మైదానములందు కృష్ణజింకలు మందలు మందలుగా దిగి లేత పైరును మొదలంట కొరికివేయుచున్నవి. నాలుగు మాసముల కష్టము ఒక్క రాత్రి కావలి తప్పుటచే మన్నగుట రైతులకు తెలియని సంగతి కాదు. ఇట్టి నష్టమునకు మన పెద్దలు కనుగొనిన సాధనము మంచె. మంచె వేయవలెనా వద్దా యను ప్రశ్న నేటి ఉపన్యాసమునకు చేరినది కాదు. ఎట్టి మంచె వేయవలెను, దానిపై నుండు మనుష్యుని ప్రాణమునకు హాని లేకుండ దాని నెట్లు వాడవలెను అనునవియే ఇచట విచారింపబడును.

వాడుకలో నున్న మంచె యెట్టిదో యెల్లరకు తెలియును. చేని నడుమ నాలుగు గుంజలు పాతి, అడ్డుకర్రలు కట్టి, పైన తడికె పరచి, దానిపై గడ్డి కప్పు వేయుదురు. కావలివాడు ఒడిసెలయు, డప్పును, గొంగడియు పట్టుకొని దాని నెక్కును. ఇది పంటకాలమంతయు నిలుచును, ఖర్చు స్వల్పము, ఊరిలోని ఏ పనివాడైనను కట్టగలడు. ఇన్ని గుణములున్నను దీనియందు ఒక గొప్ప దోషము కలదు. ఇది కదలదు, పంటయో, జంతువులో కదలుచుండును. ఒక కాస్తుకారునకు వాగు గట్టున ఒక ఎకరము మక్కజొన్న, చెలకలో రెండెకరముల వేరుసెనగ, గుట్ట క్రింద కొంత కంది యున్నవనుకొనుడు. భాద్రపదమున మక్కకు కావలి కావలెను. అది విరిచిన వెనుక వేరుసెనగకు కావలెను. ఆ పిమ్మట కంది వంతు వచ్చును. ఒక్క మంచె వేసిన రెండు చేలకు కావలి లేదు. మూడు మంచెలు వేయుటకు కర్రయు లేదు, కూలియు లేదు. ఒక్క చేనియందైనను పందులు నేడు వాగు వైపు నుండి, రేపు గుట్ట వైపు నుండి వచ్చుచుండును. పంది చదువుకొనినది కాదు, అయినను మంచె యెచట నున్నదో నాలుగు రాత్రులలో నేర్చుకొని, దానికి దూరపు మూలను తన దారి చేసికొనును. కావున ఇద్దరు మనుష్యులు మోసికొనిపోయి, ఒక గడియలో నిలుపగలిగిన మంచె రైతునకు మిక్కిలి ఉపయోగకరము.

తేలికయగు మంచెలను గూర్చి నేడు అధికముగా ఆలోచించి, అనేక విధముల పరికరములను నిర్మించినవారు అమెరికా సంయుక్త రాష్ట్రముల వేటకాండ్రు. అచట తెల్లతోక జింకను శరత్కాలమున, ప్రభుత్వము నిర్ణయించిన దినములలో, అనుమతిపత్రము పొంది వేటాడుదురు. జింక నడచు జాడను బట్టి నేడొక చెట్టు, రేపొక చెట్టు ఎక్కవలసి యుండుటచే వారికి వీపున మోయదగిన మంచెలు కావలసివచ్చినవి. మన దేశమున అట్టి వేట శాసనవిరుద్ధము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి కృష్ణజింక మొదటి షెడ్యూలులో చేరినది. దానిని చంపినవారికి మూడేండ్లకు తక్కువ కాని కారాగారశిక్ష విధింపబడును. ఉచ్చు పన్నుటయు, విషము పెట్టుటయు ఆ చట్టమున వేట క్రిందనే లెక్క. కావున ఈ పాఠములో వేటకాండ్ర పరికరములు చెప్పబడుట జింకలను చంపుటకు గాదు, వారు బరువు తగ్గించిన విధమును, చెట్టుపై నుండి పడకుండ తమ్ము తాము కట్టుకొను విధమును తెలిసికొనుటకే.

వారి మంచెలు నాలుగైదు రకములు. మొదటిది నిచ్చెనమంచె. ఇనుప నిచ్చెన కొనను కుర్చీ యమర్చి చెట్టునకు చేర్చి కట్టుదురు. ఎక్కుటకు సులభము, కూర్చుండుటకు సుఖము. కాని 25 కిలోగ్రాములు మొదలు 50కి పైబడి కూడ బరువుండును. నిలుపుటకు ముగ్గురు మనుష్యులు కావలెను. రెండవది చెట్టు కాండమునకు పట్టీతో బిగించు చిన్న పీట. అల్యూమినియముతో చేసినది 4 కిలోల నుండి 7 కిలోల వరకు తూగును; దానిని చేరుటకు చిన్న చిన్న మెట్లు వేరుగా కట్టుకొనవలెను. మూడవది రెండు ముక్కలుగా నుండి, కూర్చుండు ముక్కను, పాదముల ముక్కను మార్చి మార్చి పైకి జరుపుకొనుచు మనుష్యుని తోడనే చెట్టెక్కు మంచె. దీని బరువు 9 కిలోల ప్రాంతమున నుండును. కాండము నిటారుగా, కొమ్మలు లేక యుండిననే పనికివచ్చును. నాలుగవది పీట కూడ లేక, నడుమునకును పిరుదులకును చుట్టుకొను జీనువంటి పట్టీ. దానిని త్రాటితో చెట్టునకు తగిలించి మనుష్యుడు వెనుకకు వాలి యుండును. ఇది మిక్కిలి తేలిక; ఒక సంచిలో ఇమిడిపోవును. చెట్లు లేని చోట్ల మూడు కాళ్ళ మంచెను నిలుపుదురు.

ఇందులో రైతు గ్రహింపవలసినదేది, విడువవలసినదేది? వేటకాని పనికిని కావలివాని పనికిని భేదము చాల కలదు. వేటకాడు జింకకు కనబడరాదు, వినబడరాదు, వాని వాసన తగులరాదు. అందుచే అతడు 15 మొదలు 20 అడుగుల యెత్తు ఎక్కును. మంచెకు ఆకుల రంగు పూయించును. కీలు కిర్రుమనకుండుటకు అధిక మూల్యమిచ్చును. కావలివాడో జంతువునకు కనబడవలెను, వినబడవలెను, మనుష్యుని వాసన గాలిలో వ్యాపింపవలెను. అతడున్నాడని తెలిసి అది రాకపోవుటయే పని నెరవేరుట. కనుక ఆకుల రంగునకును, నిశ్శబ్దమునకును రైతు ఒక్క పైసయైన వెచ్చింపనక్కరలేదు. ఎత్తు విషయమును అట్టిదే. మక్కజొన్న సాధారణముగా ఆరేడడుగులు పెరుగును. పీట 7 అడుగుల యెత్తున నుండిన, దానిపై కూర్చున్నవాని చూపు పైరుపై రెండు మూడడుగులు హెచ్చుగా నుండును. వేరుసెనగ చేనికి 5 అడుగులు చాలును. పొడుగు జొన్నకు మాత్రము 9 లేక 10 అడుగులు కావలెను. అంతకు మించిన యెత్తు వలన లాభమేమియు లేదు, అపాయము మాత్రము హెచ్చును.

ఆ యపాయము లెక్కలో నెంతయో చూడదగును. 7 అడుగుల నుండి జారినవాడు ఒక సెకండులో మూడింట రెండు వంతుల కాలములో నేలకు తాకును. 15 అడుగుల నుండి పడినవాడు నేలకు తాకునప్పటికి వాని వేగము గంటకు 34 కిలోమీటర్లగును, అనగా పరుగెత్తు మోటారుబండి నుండి క్రిందికి విసరబడినట్లు. పట్టుకొనుటకు చేయి చాచునంతలో అంతయు ముగియును. వేటకాడు రెండు మూడు గంటలు మేలుకొని కూర్చుండి దిగిపోవును. మన కావలివాడు పగలెల్ల నాగలి వెంట తిరిగి, రాత్రియంతయు మంచెపై నుండును. అతనికి కునుకు పట్టుట తప్పు కాదు, ప్రకృతి. కాబట్టి అతడు నిద్రించును అను నమ్మకముతోనే మంచెను ఎన్నుకొనవలెను. జీనుపట్టీయు, ఒక అడుగు వెడల్పు గల చిన్న పీటయు వేటకానికి తగును గాని రాత్రి కావలికి తగవు. మూడు వైపుల కఠినమైన కటకటా, ఎక్కు వైపున అడ్డముగా వేయదగిన కర్ర లేని మంచెపైకి ఏ పట్టాదారును తన జీతగానిని ఎక్కింపరాదు.

చెట్లు తక్కువగా నున్న మన చెలకలకు మూడు కాళ్ళ మంచె శ్రేష్ఠము. నాలుగు కాళ్ళది ఎగుడుదిగుడు నేలపై ఒక కాలు ఆనక ఊగును. మూడు కాళ్ళది ఎట్టి నేలపైననైనను మూడు పాదములను ఆన్చి నిలుచును. దాని నిర్మాణ మిట్లు. పదునారడుగుల పొడవు గల ముదురు వెదురు బొంగులు మూడింటిని కొన నుండి 2 అడుగులు విడిచి కలిపి కట్టవలెను. పాదములను ఒకదానికొకటి 10 అడుగుల దూరమున నుండునట్లు తెరచి నిలిపిన, కట్టు నేలకు 12 అడుగుల పైచిలుకు ఎత్తున నుండును. 7 అడుగుల యెత్తున మూడు అడ్డుబొంగులు కట్టినచో ఒక్కొక్క ప్రక్క నాలుగున్నర అడుగుల ముక్కోణపు పీట యేర్పడును. అడ్డుబొంగు క్రిందికి జారకుండ ప్రతి కాలికిని కణుపు పైభాగమునే కట్టు వేయవలెను. కట్టు క్రింద ఒక చిన్న చెక్కను అదనముగా బిగించిన మరింత మేలు. మూడు పాదములను ఒకదానితో నొకటి త్రాటితో కట్టుట మరువరాదు. బరువు పడినప్పుడు కాళ్ళు విడివడకుండ ఆపునది ఆ త్రాడే. తడి రేగడిలో పాదము దిగబడకుండ ఒక్కొక్క పలక వేయవలెను. పైనున్న కట్టు వలన రెండు లాభములు గలవు: దానిపై గొంగడియో, తాటిపత్రియో కప్పుకొనవచ్చును, కావలివాని రక్షణపు త్రాటిని తలకు పైన తగిలించుటకు అదియే ఆధారమగును. ఈ పీటపై కాలు చాచి పండుకొనుటకు చోటు చాలదు. చాలకుండుటయే మంచిది.

వెదురునకు బదులు లోహము వాడదలచినవారు ఇనుమునకును, అల్యూమినియమునకును గల భేదము నెరుంగవలెను. సమానపు పరిమాణమునకు అల్యూమినియము ఇనుములో మూడవ వంతు బరువు మాత్రమే. కాని వంగకుండ నిలుచు శక్తియు ఇంచుమించు మూడవ వంతే. కావున ఇనుప గొట్టమును చూచి అదే కొలతకు అల్యూమినియముతో చేయించిన మంచె మనుష్యుని క్రింద వంగును. గొట్టము లావు హెచ్చింపవలెను. అల్యూమినియమును అతుకుట ప్రతి దుకాణమువారికి చేతగాదు. చెడిన అతుకు పైకి బాగుగానే కనబడును. ఊరి కమ్మరికి తెలిసిన ఇనుమే, ఒక మనుష్యుడు మోయగల మూడు నాలుగు ముక్కలుగా చేయించి, మరలు వేసి కూర్చుకొనుట నయము. ఏ మంచెనైనను మొదట మనుష్యుడు ఎక్కరాదు. 50 కిలోల ఎరువుల బస్తాలు మూడు పీటపై పెట్టి ఒక రాత్రి విడువవలెను. తెల్లవారి చూచినప్పుడు ఏ కట్టు జారినను, ఏ బొంగు చిట్లినను దాని సంగతి బస్తాల వలన తెలిసినది గదా యని సంతోషింపవలెను. అమెరికాలో అమ్ముడగు మంచెలపై అవి మోయు బరువు, సామాన్యముగా 300 పౌనులు, అనగా సుమారు 136 కిలోలు, అని వ్రాయబడి యుండును. మన మంచెపై వ్రాత లేదు గాన బస్తాలే మనకు వ్రాత.

చెట్టు మంచి చోట నున్నప్పుడు దానిపై పీట కట్టుట తప్పు కాదు. అయితే చెట్టును ఎన్నుకొనుట పెండ్లికొడుకును ఎన్నుకొనినంత జాగ్రత్తగా చేయవలెను. బ్రతికి యున్న చెట్టు, తొర్ర లేనిది, పైన ఎండుకొమ్మ గాని తేనెపట్టు గాని లేనిది కావలెను. వేప, నల్లతుమ్మ, చింత బలము గలవి. మునగ కొమ్మ పెళుసు, దానిని నమ్మరాదు. చింతచెట్టు విషయమున ఊళ్ళలో చెప్పుకొను దయ్యముల కన్న దాని ఎండుకొమ్మలు ఎక్కువ భయపడదగినవి. మేకులు కొట్టుట వలన చెట్టునకు పుండు పడును, మేకును ఏటేట వదులగును. వెడల్పు పట్టీతో కట్టుటయే యుక్తము. అమెరికాలో పలు ప్రభుత్వ భూములయందు చెట్టులో మరలు దించుట నిషిద్ధము. ఇచటను అటవీ హద్దులోని చెట్టు జోలికి సెలవు లేక పోరాదు.

ఇక కట్టుకొను త్రాటి సంగతి. ఈ ఉపన్యాసములో రైతులు ఇతర విషయములు మరచినను దీనిని మరువరాదని ప్రార్థన. వేటకాండ్రు చెట్టెక్కునప్పుడు నేల విడిచినది మొదలు మరల నేలపై అడుగు పెట్టు వరకు త్రాడు విడువరు. మొదట నడుమునకు మాత్రమే పట్టీ కట్టుకొనెడివారు. పడినప్పుడు అది పొత్తికడుపును, ప్రక్కటెముకలను నొక్కి ఊపిరి సలుపనీయదని తెలిసిన పిమ్మట భుజములు, రొమ్ము, రెండు తొడలు కలిపి పట్టు పట్టీలు వచ్చినవి. కట్టడపు పనివాండ్రు ధరించునట్టి యీ పట్టీలు పట్టణములలో దొరకును. పట్టీకి వీపు వైపున నున్న త్రాటిని తలకు పైన తగిలింపవలెను. కూర్చున్నప్పుడు అది ఇంచుమించు బిగువుగా నుండవలెను. వదులు ఎంత యున్న అంత దూరము పడుట నిశ్చయము. పట్టీలో వ్రేలాడుచు కదలక యుండుటయు అపాయమే. కాళ్ళలో నెత్తురు నిలిచి కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. అందుచే ఒక చిన్న త్రాటి ఉచ్చును జేబులో నుంచుకొని, పడినవెంటనే పాదము క్రింద వేసికొని దానిపై నిలుచుచుండవలెను.

ఎక్కునప్పుడు రక్షణ కొరకు ఉపయోగపడు ముడి యొకటి కలదు. ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడగు కార్ల్ ప్రూసిక్ దానిని 1931లో ప్రకటించెను. పైన కట్టి క్రిందికి విడిచిన లావు త్రాటి చుట్టును, దాని కన్న సన్నని త్రాటి వలయమును మూడు చుట్లు చుట్టి తనలోనుండియే తీయవలెను. చేతితో జరిపిన అది పైకి జరుగును. బరువు పడిన బిగిసి నిలుచును. చేతులు మెట్లపై నుండగా దీనిని పట్టీకి తగిలించుకొని, ఒక్కొక్క మెట్టునకు పైకి జరుపుకొనవలెను.

త్రాటితో తన్ను కట్టుకొని ఎక్కుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. గౌడులు మోకును చెట్టునకును నడుమునకును చుట్టి తాటిచెట్టు ఎక్కుట ఎల్లరు చూచినదే. అంతటి నేర్పరులకును కాలు జారుచుండుటచే 2024వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర వారికి క్రొత్త పరికరములను పంచసాగినది. అనుభవము గల గీతకార్మికునికే రక్షణ అవసరమైనచో, ఏడాదికి ఒక మాసము మంచె ఎక్కు కావలివానికి అక్కరలేదనుట ఎట్లు పొసగును? ఊరిలోని గౌడును పిలిపించి కావలివానికి ఎక్కుట, దిగుట నేర్పించుట వలన పోవునది ఒక పూట కూలి.

లాంతరు, నీటికుండ, డప్పు చేత బట్టుకొని ఎక్కరాదు. వానిని క్రింద నుంచి, ఖాళీ చేతులతో ఎక్కి, సన్నని త్రాటితో పైకి లాగుకొనవలెను. రెండు చేతులు, రెండు పాదములలో మూడు ఎల్లప్పుడు పట్టు తప్పక యుండవలెను. కావలికి ఇద్దరుండుట మేలు: ఒకడు పైన, ఒకడు గుడిసెలో నులకమంచముపై; నడిరాత్రి వంతు మార్చుకొందురు. బాలురను రాత్రి మంచెకు పంపరాదు. ఉరుము వినబడినవెంటనే దిగి, చెట్టు క్రిందను గాక, ఇంటికి పోవలెను. మైదానమున మంచెయే ఎత్తయినది గనుక పిడుగునకు అదియే గురి. తలపై విద్యుత్తు తీగ యున్న తావున మంచె నిలుపనే కూడదు. చిత్తూరు ప్రాంతమునందు వలె ఏనుగులు వచ్చు చేలలో తేలిక మంచె పనికిరాదు. ఏనుగునకు మూడు బొంగులు ఒక లెక్క గాదు. అట్టిచోట అటవీ సిబ్బందికి కబురు పంపి, మనుష్యుడు దూరముగా నుండుటయే తగినది.

కావలికి మారుగా చేని చుట్టు తీగ కట్టి అందులో విద్యుత్తు విడుచువారు కొందరున్నారు. అది నేరము. ఆ తీగకు తగిలి పందియే చచ్చునని నిశ్చయము లేదు. వేకువ నీళ్ళు పెట్టవచ్చిన పొరుగువాడో, స్వంత కొడుకో తగిలిన దృష్టాంతములు పత్రికలలో తరచుగా చదువుచున్నాము. పందుల నష్టము భరింపరానిదైనచో అటవీశాఖ వారికి అర్జీ పెట్టి, పంచనామా జరిపించి పరిహారము కోరవలెను. చంపుట అవసరమని తోచినను ఆ నిర్ణయము చట్టము వలన అధికారము పొందినవారిది గాని రైతుది కాదు.

పంట ఇల్లు చేరిన పిదప మంచెను చేనిలోనే ఎండకును వానకును విడువరాదు. ముడులు విప్పి, బొంగులను నీడలో నిలువుగా చేర్చి, నేల చెమ్మయు చెదలును తగులకుండ రాళ్ళపై నుంచవలెను. గోగునార త్రాటిని మరుసటేట వాడరాదు. నైలాను త్రాడైనను ఎండకు వెలిసి గరుకైనచో, లేక ఎలుకలు కొరికినచో, దానిని పశువులకు పలుపుగా పనికివచ్చునని యింట నుంచకుండ ముక్కలుగా కోసివేయవలెను. అట్లు చేయనిచో మరుసటి యేడు ఎవరో ఒకరు తెలియక దానినే మంచెకు కట్టుదురు.